ఏడు సినిమాల్లోని పిల్ల

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా కోడలు నన్ను టీవీ ముందు కూర్చోబెట్టింది. "అత్తయ్యా, మళ్ళీ మళ్ళీ చూడదగ్గ పాత కామెడీ సినిమాలని ఎవరో లిస్టు పెట్టారు. ఇందులో మీకు తెలిసినవెన్నో చెప్పండి" అంటూ ఫోనులో ఒక్కో పేరే చదివింది. పది పేర్లు చదివితే అందులో ఏడు నాకు తెలుసు. తెలుసంటే పేరు విన్నానని కాదు. ఎవరు ఎక్కడ జారిపడతారో, ఎవరి పంచె ఏ సీనులో ఊడుతుందో, పెళ్ళిపీటల మీద ఎవరికి బదులు ఎవరు కూర్చుంటారో వరసగా చెప్పగలను.

"మీ తాతగారు సినిమాకి పంపేవారు కాదన్నారుగా? ఇన్ని ఎప్పుడు చూశారు?" అంది.

"చూడలేదమ్మా, విన్నాను" అన్నాను.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. అర్థం కాకపోవడంలో వింతేమీ లేదు. మా చిన్నప్పుడు మా పల్నాటి పల్లెల్లో ఇంటికి ఒకరో ఇద్దరో ఆడవాళ్ళు సినిమాకి వెళ్ళొచ్చేవాళ్ళు, మిగతా వాళ్ళందరూ వాళ్ళ నోట సినిమా వినేవాళ్ళు. మా ఇంట్లో సినిమా చెప్పేది మా మేనత్త. ఆమె చెప్పిన సినిమాలు బొమ్మలతో సహా ఇప్పటికీ నా బుర్రలో ఉన్నాయి.

సరే, మొదటి సినిమా పెట్టింది. ఒక మామగారు చెవుడు వచ్చినట్టు నటిస్తూ, ముగ్గురు అల్లుళ్ళూ తన గురించి ఏమనుకుంటున్నారో వింటూ ఉంటాడు, అదీ కథ. నేను ఊరికే కూర్చోలేదు. "ఇప్పుడు చూడు, పెద్దల్లుడు మజ్జిగనుకుని సున్నం నీళ్ళు నోట్లో పోసుకుంటాడు" అన్నాను. పోసుకున్నాడు. "రెండోవాడు పశువుల పాకలో నిద్రపోతాడు, దూడ వాడి పంచె నమిలేస్తుంది." నమిలేసింది. మా కోడలు నోరెళ్ళబెట్టి నా వైపే చూస్తోంది. నాకు గర్వం ముంచుకొచ్చింది. "ఇక అసలు సీను వస్తోంది. మంచం కింద నుంచి ఆరేడేళ్ళ పిల్ల ఒకత్తి వస్తుంది. ఆ ఇంటి ముసలమ్మ ముక్కుపొడి డబ్బాలో కారం కలుపుతుంది. చూడు, పొట్ట చెక్కలవుతుంది" అన్నాను.

మంచం వచ్చింది. మంచం మీద మామగారు ఉన్నాడు. మంచం కింద నుంచి ఎవరూ రాలేదు. సీను మారి పాట మొదలైంది.

"వెనక్కి తిప్పు, ఏదో ముక్క ఎగిరిపోయింది" అన్నాను. తిప్పింది. లేదు. వేరేవాళ్ళు పెట్టిన కాపీ వెతికింది. అందులోనూ లేదు. నటీనటుల పేర్లన్నీ ఆపి ఆపి చదివింది. చివరికి కాస్త మొహమాటంగా, "ఈ సినిమాలో పిల్లే లేదు అత్తయ్యా" అంది.

సరిగ్గా ఆ మాటే నేను ఎప్పుడో ఒకసారి విన్నాను. ఎక్కడ విన్నానో వెంటనే తట్టలేదు.

రెండో సినిమా పెట్టించాను. అందులో పిల్ల బలపాలు తిని కడుపునొప్పి తెచ్చుకుని దొంగ డాక్టరు గుట్టు బయటపెట్టాలి. దొంగ డాక్టరున్నాడు, పిల్ల లేదు. మూడో సినిమాలో పిల్ల రెండు జడల రిబ్బన్లూ బడిలో బల్లకి కట్టేసుకుని లేవలేక ఏడవాలి. సినిమాలో అసలు బడే లేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఏడు సినిమాలూ ముందుకీ వెనక్కీ తిప్పి చూశాం. మిగతాదంతా అత్త చెప్పినట్టే ఉంది. పిల్ల మాత్రం ఒక్క దాంట్లోనూ లేదు. యాభై ఏళ్ళకి పైగా నేను గుర్తు తెచ్చుకుని నవ్వుకున్న పిల్ల, మా పిల్లలకి అన్నాలు తినిపిస్తూ చెప్పిన పిల్ల, ఎక్కడా లేదు. నాకు మతి పోయింది. టీ ఇస్తే తాగకుండా అలాగే కూర్చున్నాను.

మాది గురజాలకీ రెంటచింతలకీ మధ్య ఊరు. చలికాలం చివర్లో ఊరంతా ఎర్రగా ఉండేది. కల్లాల్లో ఎండిన మిరపకాయలు గోతాలకెత్తి ఇంటికి తెస్తే వసారాలో రాశి పోసేవాళ్ళు. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఆడవాళ్ళందరూ ఆ రాశి చుట్టూ కూర్చుని తొడిమలు తీసేవాళ్ళు. ఘాటుకి ఒకరి తర్వాత ఒకరు తుమ్మేవాళ్ళు. ఇంట్లో అన్నం, నీళ్ళు, పరుపులు, మా జుట్లు, అన్నీ అదే వాసన. ఆ వాసన తగిలితే నాకిప్పటికీ ముందు తుమ్ము వస్తుంది, తర్వాత నవ్వొస్తుంది.

పిల్లలం మేమూ ఆ రాశి దగ్గరే పడి ఉండేవాళ్ళం. తొడిమలు తీసినట్టు నటిస్తూ వేయించిన వేరుశనక్కాయలు ఒలుచుకు తినడం, ఎవరైనా కునుకు తీస్తే వాళ్ళ కొంగుకి గోతం ముడేయడం మా పనులు. మిరప చేత్తో కన్ను నలుపుకుని రోజుకొకరం ఏడ్చేవాళ్ళం. మా నాయనమ్మ మజ్జిగలో గుడ్డ ముంచి కళ్ళమీద వేసి, "కళ్ళు పొయ్యేదాకా ఈడే సచ్చేరు గదే" అని తిట్టేది. తిట్టాక ఒక బెల్లం ముక్క పెట్టేది. ఎక్కడికీ కదలకుండా మమ్మల్ని అక్కడ కట్టేసింది మాత్రం అత్త చెప్పే సినిమా.

అత్త గురించి కాస్త చెప్పాలి. మాచర్లలో ఇచ్చారు. పెళ్ళయిన మూడేళ్ళకే ట్రంకుపెట్టెతో పుట్టింటికి వచ్చేసింది. మొగుడితోనూ అత్తగారితోనూ పడలేదు. పెద్దమనుషులు కూర్చుని తెగదెంపులు చేశారు. అప్పటికి రెండేళ్ళ కూతురు. ఆ పిల్లని పంపేది లేదన్నారు వాళ్ళు. తల్లి కళ్ళబడుతుంటే పిల్లకి అక్కడ కాలు నిలవదని, ఇక ఆ పిల్లకి కనపడనని అత్త చేత అందరి ముందూ మాట తీసుకున్నారు. మా తాత చుట్టుపక్కల నాలుగూళ్ళ తగాదాలు తీర్చే మనిషి. సొంత కూతురి పంచాయితీలో మాట తప్పితే తలెత్తుకోలేనని, ఇంట్లో ఆ పిల్ల ఊసే ఎత్తకూడదన్నాడు. ఇదంతా నాకు పెద్దయ్యాక తెలిసింది. నేను చెబుతున్న ఏడాది నాకు ఎనిమిదేళ్ళు. అత్తకి పిల్లలు లేరనుకునేదాన్ని.

కూతురి మీద జాలితోనో ఏమో, తాత ఆమెకొక్క సరదాకి అడ్డు చెప్పలేదు. పదిహేను రోజులకొకసారి పొద్దున రైల్లో మాచర్ల వెళ్ళి మ్యాట్నీ చూసి సాయంత్రం రైలుకి రావచ్చు. తోడు మా పెద్దమ్మ, అంటే మా పెదనాన్న భార్య, అత్తకి వదిన. తిరిగొచ్చాక టిక్కెట్టు ముక్కలు రెండూ తాత చేతిలో పెట్టాలి. నేను వెళ్తానని ఎన్నిసార్లు ఏడ్చానో లెక్కలేదు. ఒకసారి స్టేషను దాకా వెనక పడ్డాను కూడా. ఎప్పుడూ నవ్వే అత్త ఆ రోజు నా చెయ్యి గట్టిగా విదిలించి, "నిన్ను తీసకపోతే నేను ఇంక పోలేనే, ఇంటికి పో" అంది. దాని అర్థం నాకు బోధపడలేదు, ఏడుస్తూ వెనక్కొచ్చాను.

వచ్చేటప్పుడు కాగితం పొట్లంలో పునుగులు తెచ్చేవాళ్ళు. చల్లారిపోయి, నూనె కాగితానికి అంటుకుపోయి ఉండేవి. ఆ చల్లారిన పునుగుల రుచి తర్వాత ఏ హోటల్లోనూ దొరకలేదు. పునుగులు తినేశాక అసలు పండగ మర్నాడు మధ్యాహ్నం, మిరపరాశి దగ్గర. పెద్దమ్మ కూడా సినిమా చూసింది కదా, ఆమెను చెప్పమంటే, "ఒకాయనున్నాడు, ఒకామె ఉంది, పెళ్ళయింది, అంతే" అని తేల్చేసేది. అందుకని చెప్పేది అత్తే.

అత్త చెబుతుంటే చేతిలో మిరపకాయ మీసమయ్యేది, కొంగు తలపాగా అయ్యేది. దగ్గు, గురక, తలుపు చప్పుడు, అన్నీ ఆమె నోటినుంచే వచ్చేవి. అన్నీ కామెడీ సినిమాలే చెప్పేది. అన్నిట్లోనూ ఒక పిల్ల ఉండేది. ఆరేడేళ్ళది. గడ్డం కింద చిన్న గాటు. బలపాలు తినే అలవాటు. అత్త చెప్పిన మొదటి సినిమాలో ముందు పళ్ళు రెండూ ఊడిపోయి ఉన్నాయి. నాలుగో సినిమాకి ఒక పన్ను మొలిచింది. అన్ని సినిమాల్లో ఒకే పిల్లని పెట్టుకున్నారు కాబోలు, పెరుగుతోంది కాబోలు అనుకున్నాను. కథ ఎక్కడున్నా సరే ఆ పిల్ల వచ్చేసరికి మా నాయనమ్మ తొడిమలు తీయడం ఆపేసేది.

"రెండో పన్ను వచ్చిందా దానికి?" అని అడిగేది.

"అప్పుడే ఎక్కడమ్మా, చిగురు కనపడతంది" అనేది అత్త.

"జొరం తగ్గిందా మరి? పోయిన సినిమాలో దగ్గుతందన్నావు గదా" అని పక్కింటి అవ్వ అడిగేది.

"తగ్గింది అవ్వా. చానా చిక్కింది గానీ అల్లరి తగ్గలా."

అందరూ నవ్వేవాళ్ళు. నవ్వి తుమ్మేవాళ్ళు, కళ్ళు తుడుచుకునేవాళ్ళు. పంచలో పేపరు చదువుకునే మా తాతకి కూడా అన్నీ వినపడేవి. పిల్ల చేష్టలకి ఆయన చేతిలో పేపరు గలగలమని ఊగడం నేను చాలాసార్లు చూశాను. పైకి మాత్రం నవ్వనట్టే ఉండేవాడు.

మా ఆటలన్నీ ఆ పిల్ల చుట్టూ తిరిగేవి. నేనే ఆ పిల్లనయ్యేదాన్ని. గడ్డం కింద బొగ్గుతో గాటు గీసుకునేదాన్ని. బలపాలు తిని వీపు పగలగొట్టించుకున్నాను.

ఆ వేసంగి ముంగిట్లో ఒకరోజు, ఎలక్షన్ల మాట మీద మాచర్ల నుంచి ఒక పెద్దమనిషి మా తాత కోసం వచ్చాడు. అత్త పంచాయితీలో కూర్చున్న వాళ్ళలో ఆయనొకడని నాకప్పుడు తెలియదు. పంచలో మంచాలు వాల్చి, మజ్జిగ ఇచ్చారు. మాటలు అయిపోయి తాత మంచి సరదా మీద ఉన్నాడు. నన్ను పిలిచి, "ఏమే, మీ అత్త మొన్న చెప్పిన చెవిటిమామ సినిమా చెప్పవే ఈ తాతకి" అన్నాడు.

నాకింకేం కావాలి. తాత కండువా తలకి చుట్టుకుని మొదలుపెట్టాను. సున్నం నీళ్ళు అయింది, దూడ అయింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. అప్పుడు పిల్ల సీను. ఇంటికి పెళ్ళిచూపుల వాళ్ళు వచ్చి కూర్చుంటారు. ముసలమ్మ దర్జాగా ముక్కుపొడి డబ్బా తీస్తుంది. పిల్ల మంచం కింద నోరు మూసుకుని కూర్చుంటుంది. ముసలమ్మ ఒక పట్టు పీలుస్తుంది. నేను పదిహేను తుమ్ములు తుమ్మాను. తాత పేపరు అడ్డం పెట్టుకోకుండానే నవ్వాడు.

పెద్దమనిషి నవ్వు మధ్యలో ఆగింది. "ఆ డబ్బా ఎట్టా ఉండిద్దే?" అని అడిగాడు.

"ఇత్తడిది. మూత మీద నెమలి ఉండిద్ది. నెమలి కంట్లో రాయి ఊడిపోయింది" అన్నాను. అత్త అంత వివరంగా చెప్పేది మరి.

"తుమ్మినాక ఆ ముసలామె ఏమన్నది?"

నేను నడుము మీద చెయ్యి పెట్టుకుని, వంగి, ముసలమ్మ గొంతుతో, "'అచ్చం మీ అమ్మ బుద్ధులే వచ్చినయ్ గదే నీకు' అన్నది" అన్నాను.

ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. మా తాత వైపు తిరిగి, "ఆ సినిమా నేనూ చూశా బావా" అన్నాడు. తాత మొహంలో నెత్తురు లేదు. నా వైపు చూడకుండానే, "లోపలికి పోవే" అన్నాడు.

నేను నిర్ఘాంతపోయాను. అంత బాగా చెప్పాను, ఒక్కరూ మెచ్చుకోలేదు. మూడో అల్లుడి సీను మర్చిపోయాను, అందుకే కోపం వచ్చిందనుకున్నాను. చాలా రోజులు ఆ మూడో అల్లుడి గురించే బాధపడ్డాను.

ఆ సాయంత్రం వెనక గదిలో తాత గొంతు వినపడింది. "ఇంక సినిమాలు చాలు" అన్నాడు. కాసేపయ్యాక అత్త వచ్చి అరుగు మీద నన్ను కూర్చోబెట్టుకుని తలకి నూనె రాసింది. రాస్తూ రాస్తూ చెయ్యి నా నెత్తి మీదే ఆగిపోయింది. "అత్తా, నూనె కారతంది" అన్నాను. కొంగుతో నా నుదురు తుడిచి జడ వేసింది.

ఆ ఏటి మిరపకాయలు ఇంకా రెండు గోతాలు మిగిలాయి. చివరిరోజున పక్కింటి అవ్వ ఊరుకోలేక, "పాతదైనా సరే ఒకటి చెప్పమ్మాయ్" అంది. అత్త చెప్పింది. మీసం లేదు, తలపాగా లేదు. సగం దాకా విని అవ్వ, "మరి పిల్లేం జేసింది?" అని అడిగింది.

"ఈ సినిమాలో పిల్లే లేదు అవ్వా" అంది అత్త.

అదీ నేను విన్న చోటు. ఎవరూ నవ్వలేదు, తుమ్మలేదు. మా నాయనమ్మ మిరప చేత్తోనే రెండు కళ్ళూ తుడుచుకుంది. మంటకి గిలగిల కొట్టుకుంటుంటే అందరూ మజ్జిగ కోసం పరిగెత్తారు. రోజూ మమ్మల్ని తిట్టే మనిషికి అలా అయిందని నేను చప్పట్లు కొట్టి నవ్వాను. అది గుర్తొస్తే ఇప్పుడు నా చేతులు నరుక్కోవాలనిపిస్తోంది.

సోమవారం పొద్దున్నే నరసరావుపేటలో బస్సెక్కి గురజాల వెళ్ళాను. పెద్దమ్మ అక్కడ మా అక్క దగ్గర ఉంటోంది. తొంభైకి దగ్గర పడింది. చూపు తగ్గింది గానీ నోరు తగ్గలేదు. మంచం పక్కన కూర్చుని, "పెద్దమ్మా, అత్త చెప్పిన సినిమాలన్నీ చూశాను. ఒక్క దాంట్లో కూడా ఆ పిల్ల లేదు" అన్నాను.

"అరవై ఏళ్ళొచ్చినయ్యి, ఇప్పుడా నువ్వు చూసేది?" అంది పెద్దమ్మ. "సినిమాలో పిల్ల లేదని నాకు తెలవదా? హాల్లో కూసున్నది నేనేగా."

"మరి అత్త?"

"టిక్కెట్లు రెండు కొనేవాళ్ళం, మీ తాతకి చూపియ్యాలని. నేను లోపలికి పొయ్యేదాన్ని. అది బడికాడికి పొయ్యేది. బడి గేటుకాడ ఒకామె జామకాయలు, రేగుపళ్ళు అమ్మేది. దాని పక్కన గోనెపట్టా మీద కూసోని, మొహం దాకా ముసుగేసుకోని, ఇది రేగుపళ్ళు కొలిచి పోసేది."

మా తాత కూతురు, ఊళ్ళో కూలివాళ్ళ ముందు కూడా గుమ్మం దిగని మనిషి, బడి ముందు దుమ్ములో కూర్చుని రేగుపళ్ళు అమ్మిందా!

"ఎందుకు నోరు తెరుస్తావ్?" అంది పెద్దమ్మ, నా మొహం కనపడకపోయినా. "ఇంటర్వెల్లో పిల్లలొచ్చి కొనుక్కునేవాళ్ళు. ఆ పిల్లా వచ్చేది. దీన్ని రేగుపళ్ళమ్మా అని పిలిచేది. పళ్ళు తింటా ఇంట్లో జరిగిందంతా వాగేది. అమ్మనని ఇది చెప్పలా. మాటిచ్చా గదా వదినా, నా మొహం చూపియ్యలా గదా, అనేది. రైల్లో నేను దీనికి సినిమా కథ చెబితే, ఇది అందులో పిల్లని ఇరికిచ్చేది. ఏడుపు సినిమాలు మాత్రం చెప్పనన్నది. పిల్ల పేరెత్తితే తనకి ఏడుపొచ్చిద్దని, నవ్వుల్లో అయితే కళ్ళనీళ్ళకి వంక ఉండిద్దని."

"అయితే నాయనమ్మకి తెలుసా?"

"మీ నాయనమ్మకి, అవ్వకి, అందరికీ తెలుసు. వాళ్ళలో ముగ్గురు ఆ సినిమాలు చూసినోళ్ళే. కన్న మనవరాలికి పన్నొచ్చిందో లేదో తెలుసుకోను ఇంకో దారేదే వాళ్ళకి? మొగోళ్ళకీ పిల్లలకీ తెలవకూడదు, అంతే." నా వైపు ఒత్తిగిలి, "మీ తాత ఆ పూట అన్నం ముట్టలా. ఇన్నాళ్ళూ నేను నవ్వింది నా మనవరాల్ని చూసా అని నన్నే అడిగాడు. నేనేం చెప్పను" అంది.

అడగక తప్పలేదు. "ఆ మాచర్లాయనకి నేను చెప్పబట్టేనా?"

"మరెవరనుకున్నావ్? ఆయన పోయి వాళ్ళకి చెప్పాడు. రేగుపళ్ళామెని గేటుకాడ నుంచి తరిమేశారు. పిల్లని గుంటూరు హాస్టల్లో ఏశారు. మళ్ళీ కంటపడలా మీ అత్తకి."

యాభై ఏళ్ళు దాటిపోయాయి. అత్త పోయి కూడా ఇరవై ఏళ్ళు. ఈ మధ్యలో ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని చావుల్లో, ఎన్ని పండగల్లో వీళ్ళందరి మధ్యా తిరిగానో! ఒక్కరూ ఒక్క మాట అనలేదు. "నాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా? ఒక్కళ్ళైనా తిట్టలేదేం?" అన్నాను. అరిచాననుకుంటా, అక్క వంటింట్లోంచి తొంగి చూసింది.

"తిడదామనే లేచా నేను. ఆ సాయంత్రమే. మీ అత్త అడ్డమొచ్చింది. మా అందరి చేతా ఒట్టు పెట్టిచ్చుకుంది. 'అది చిన్నపిల్ల వదినా. నా కూతుర్ని నాకంటే బాగా చేసి చూపిచ్చింది. దానికి ఈ సంగతి తెలిస్తే ఇంకెప్పుడూ నవ్వదు, చెప్పొద్దు' అన్నది. చెప్పి, నీకు తలంటను నూనెగిన్నె పట్టుకోని బయటికి పోయింది."

నేను పెద్దమ్మ మంచం పట్టె పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఆమె నా వీపు నిమురుతూ, "ఇంక అత్తా లేదు, ఒట్టేసినోళ్ళలో నేనొక్కదాన్నే మిగిలా. ఒట్టు తీరిపోయిందిలే" అంది.

ఆ పిల్ల ఇప్పుడు మాచర్లలోనే ఉంది. నాకంటే ఏడాదో రెండేళ్ళో చిన్నది. అత్త పోయినప్పుడు ఎవరో చెబితే వచ్చింది. శవం దగ్గర ఐదు నిమిషాలు నిలబడి, ఒక్క చుక్క కన్నీరు పెట్టకుండా వెళ్ళిపోయింది. ఎంత రాతిగుండె అనుకున్నాను. నలుగురితో అన్నాను కూడా. రెండేళ్ళప్పుడు వదిలేసి వెళ్ళి, మళ్ళీ తొంగి కూడా చూడని తల్లి కోసం ఎవరైనా ఎందుకు ఏడుస్తారు? ఆమెకి తెలిసిన అమ్మ అదే. రేగుపళ్ళమ్మ సంగతి ఆమెకి ఎవరు చెప్పారు గనక.

గురజాల బస్టాండులో నరసరావుపేట బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కండక్టరు నన్ను చూసి కేకేశాడు. నేను దాన్ని వదిలేసి మాచర్ల బస్సెక్కాను. కోడలికి ఫోను చేసి, ఆలస్యమవుతుందని, ఆ లిస్టు నా ఫోనుకి పంపమని చెప్పాను. "ఎందుకత్తయ్యా, వాటిలో పిల్ల లేదుగా?" అంది.

"ఉందమ్మా. వచ్చాక చెబుతా" అన్నాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. పళ్ళూడిన సినిమా, బలపాల సినిమా, రిబ్బన్ల సినిమా, పన్ను మొలిచిన సినిమా, దగ్గు సినిమా, దగ్గు తగ్గిన సినిమా, ముక్కుపొడి సినిమా. ఏడూ సరిపోయాయి. ఒక్క సీను కూడా మర్చిపోలేదు. ఆమెకి చెప్పాల్సినవి రెండున్నాయి. నీ కోసం మీ అమ్మ బడి ముందు కూర్చునేదన్నది ఒకటి, ఆమెను నీకు లేకుండా చేసింది నేనేనన్నది ఒకటి. ముందు ఏది చెప్పాలో రెంటచింతల దాటేదాకా తేల్చుకోలేకపోయాను. ఆమె నన్ను ఇంట్లోకి రానిస్తుందో లేదో కూడా తెలియదు.

రానిస్తే మాత్రం సినిమాతోనే మొదలుపెడతాను. మీ నాయనమ్మ ముక్కుపొడి డబ్బా మూత మీద నెమలికి ఒక కంట్లో రాయి లేదు కదమ్మా, అని అడుగుతాను.